కప్పలు అరవకముందు

మా నాన్న సమాధి మీద మట్టి ఆరకముందే మా మేనత్త కొడుకు అబ్నేర్ మా ఇంటి దడి కొయ్యలు తట్టి చూడడానికి వచ్చాడు. ఆరకముందే అని మాటవరసకి అంటున్నాను. ఆ ఏడు నవంబరు దాటినా చినుకు రాలలేదు, మట్టిలో ఆరడానికి తడి ఎక్కడుంది గనక? కొత్త కుండ కొనేముందు వేలి కణుపుతో తడతామే, అలా ఒక్కొక్క కొయ్యనూ తట్టుకుంటూ ఇంటి చుట్టూ తిరిగాడు. అవన్నీ మోపానె చెట్టు కొయ్యలు. పెళ్ళయిన కొత్తలో అమ్మా నాన్నా ఇద్దరే అడవికి పోయి, కొట్టి, గాడిదల చేత లాగించుకొచ్చి మనిషెత్తు దడి కట్టారు. అబ్నేర్ చివరి కొయ్య కూడా తట్టి, "గట్టివే" అన్నాడు, ఎవరో తనకి అమ్మజూపినట్టు.

అప్పుడు నాకు పదహారేళ్ళు. ఇప్పుడు నా పిల్లలే ఆ వయసు దాటారు. అయినా ఆ "గట్టివే" గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

మాలో మగవాడు పోతే ఇల్లూ పొలమూ పశువులూ అతని పిల్లలకి రావు. అతని తల్లి రక్తానికి పోతాయి. అంటే అతని అక్కచెల్లెళ్ళకీ, వాళ్ళ కొడుకులకీ. పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని పుట్టింటి దారి పట్టాలి. నాన్నను పాతిపెట్టిన వారానికే ఆవుల్ని తోలుకుపోయారు. అమ్మ అడ్డుపడలేదు. "కాళ్ళున్నవి పోతాయి. ఇల్లుకి కాళ్ళు లేవు కదా" అంది. మా దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని ఊళ్ళలో పెద్దలు మొగుడు పోయిన ఆడవాళ్ళని ఉన్నచోటే ఉండనిస్తున్నారని మేమూ విన్నాం. మా ఊళ్ళో అలాంటిది ఇంకా జరగలేదు. అమ్మ ఆ మాటనే పట్టుకుని కూర్చుంది.

గ్రామపెద్ద ఈటా మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే చిక్కు ఏమిటంటే ఏదీ ఇప్పుడే తేల్చరు. "వానలు పడనియ్యండి. విత్తనాలు వెయ్యండి. కప్పల కాలం అయ్యాక కూర్చుని మాట్లాడదాం" అన్నాడు. అంటే దున్నడం అమ్మ వంతు, కోత ఎవరి వంతో తరవాత చూస్తారన్నమాట.

అబ్నేర్ ఎక్కడో సముద్రం ఒడ్డున వాల్విస్ బేలో చేపల ఫ్యాక్టరీలో చేసేవాడు. ఊరికి వచ్చేది పెళ్ళిళ్ళకీ చావులకీ. ఈసారి సెలవు పెట్టి, వాళ్ళమ్మను, అంటే మా లహ్యా అత్తను, వెంటబెట్టుకుని మా ఇంట్లోనే దిగాడు. నాన్న కూర్చునే ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పులిసిన సజ్జ అంబలి నాన్న సొరకాయ బుర్రలోనే తాగాడు.

"కోత దాకా ఉండండత్తా. నేనంత కసాయివాణ్ణి కాదు" అన్నాడు అమ్మతో.

"దున్నేది నేనూ, తినేది నువ్వూనా అబ్నేర్?"

"పొలం మా మామది."

"మీ మామ నాగలి తోలుతుంటే ముందు గాడిదల్ని పట్టుకుని నడిచిందెవరు? మీ ఫ్యాక్టరీ వాళ్ళా?"

అబ్నేర్ నవ్వి నా వైపు తిరిగాడు. "ఏమే రౌనా, ఇకనుంచి నన్ను నాన్నా అని పిలవాలి, తెలుసా? వారసుడంటే అదే."

"మా నాన్న చెప్పులు వాకిట్లో ఉన్నాయి. ముందు అవి నీకు పడతాయేమో చూసుకో" అన్నాను.

లహ్యా అత్త చెయ్యెత్తింది గాని కొట్టలేదు. ఆ చెయ్యి గాల్లో కాసేపు ఉండి, తలగుడ్డ సర్దుకుని దిగింది. ఆమె నాన్న అక్క. నాన్నను వీపున మోసి పెంచిన మనిషి. పాతిపెట్టిన రోజు గుండెలు బాదుకుని ఏడ్చింది కూడా. ఆ ఏడ్చిన కళ్ళతోనే వచ్చి మా ఇంట్లో కూర్చుంది. కొడుకుని ఏమీ అనలేదు. అందుకే వాడి మీద కంటే ఆమె మీదే నాకు ఎక్కువ కోపంగా ఉండేది.

మొదటి వాన డిసెంబరులో పడింది. ఒక్క పెద్ద జల్లు, అంతే. మా ఇంటి వెనక పల్లంలో గిట్ట మునిగేంత నీళ్ళు నిలిచాయి. పొద్దున్నే లేచి చూస్తే నేల అక్కడక్కడా పిగిలి ఉంది. ఏడాదంతా తమ చర్మాన్నే సంచిలా చుట్టుకుని మట్టిలో పడుకున్న ఎఫుమా కప్పలు లేచి బయట కూర్చున్నాయి. అరచేతిలో పట్టే కప్పలు కావు మావి, ఒక్కొక్కటీ పళ్ళెమంత ఉంటుంది. ముదురాకు పచ్చటి ఒళ్ళు, వీపు మీద నిలువునా గట్లు కట్టినట్టు మడతలు, గొంతు కింద గుడ్డుసొన పసుపు, చంకల దగ్గర నారింజ. ఆడదానికంటే మగదే పెద్దది. అవన్నీ నోళ్ళు మూసుకుని, బురద కళ్ళతో ఎటో చూస్తూ కూర్చున్నాయి.

లేచినంత మాత్రాన తినడానికి లేదు. మూడో వాన పడాలి, పల్లం నిండాలి, మగవి నీళ్ళలో కూర్చుని గొంతులు ఉబ్బించి అరవాలి. అంతవరకూ వాటి ఒంట్లో ఏడాది విషం ఉంటుంది. ముందే తింటే ఒషికెటకటా అనే జబ్బు పట్టుకుంటుంది. ఒంటేలు బిగుసుకుపోతుంది, పొత్తికడుపులో నిప్పులు పోసినట్టు ఉంటుంది. మా ఊళ్ళో నడక నేర్చిన పిల్ల కూడా కప్పను చూడగానే "అరిచిందా?" అని అడుగుతుంది.

అబ్నేర్ అడగలేదు. పంట్లాం మడిచి దిగి ఒక పెద్దదాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. అది ఊరుకుంటుందా? కింది దవడలో పళ్ళలాంటి ముళ్ళుంటాయి దానికి. బొటనవేలు అందుకుని బిగించింది.

"అబ్బా! వదలవే, నీ..." అని ఎగిరాడు. వాడు ఎగిరినంతసేపూ అదీ వేలికి వేలాడింది. నేను పడీపడీ నవ్వాను. నాన్న పోయాక నవ్వడం అదే మొదలు.

దెబ్బతిన్నవాడికి పట్టుదల వస్తుంది. వేలికి గుడ్డ చుట్టుకుని, కర్రతో కొట్టి మూడు నాలుగు కప్పల్ని వాకిట్లోకి తెచ్చి పడేశాడు. "అత్తా, వండు. ఊరు విడిచాక వీటి రుచే మర్చిపోయాను."

"ఇంకా అరవలేదు" అంది అమ్మ.

"మళ్ళీ అదే పాట! ఈ కప్ప మీ ఒక్క ఊళ్ళోనే ఉందనుకుంటున్నావా? అంగోలాలో ఉంది, బోట్స్వానాలో ఉంది, అక్కడ దక్షిణాన కేప్ దాకా వాన పడ్డ ప్రతి గుంటలోనూ ఉంది. నాతో పనిచేసేవాళ్ళలో అన్ని చోట్లవాళ్ళూ ఉన్నారు. ఇన్ని నియమాలు ఎవడూ చెప్పలేదు."

"వాళ్ళు తింటారో లేదో నాకు తెలీదు నాయనా. మన ఊళ్ళో మాత్రం అరిచాకే."

"మీ పుట్టింటివాళ్ళు అరిచేదాకా ఆగుతారా? సరిహద్దు దగ్గరవాళ్ళు కుండలో అడుగున కట్టెముక్కలు పరిచి ముందే వండుకుంటారని నాకు తెలీదా?"

అది నిజమే. అమ్మ పుట్టిల్లు ఉత్తరాన, అంగోలా సరిహద్దు దగ్గర. వాళ్ళు ఒమువోంగో అనే చెట్టు ఎండుకట్టె ముక్కల్ని కుండ అడుగున పరిచి దాని మీద కప్పల్ని ఉడికిస్తారు. విషం కట్టె లాగేసుకుంటుందంటారు.

"దానికి ఆ చెట్టు కట్టే కావాలి. ఇక్కడ దొరకదు. దొరికినా ఈ ఇంట్లో నేనెప్పుడూ వండలేదు. మీ మామ ఒప్పుకునేవాడు కాదు" అంది అమ్మ.

"మామ లేడుగా ఇప్పుడు." ఆ మాట చాలా తేలిగ్గా అన్నాడు. "కట్టె అంటే కట్టే. దాంట్లో కులాలున్నాయా?"

లేచి వెళ్ళాడు. వాకిలి పక్కన దడిలో మొదటి కొయ్య, నాన్న అన్నిటికంటే ముందు పాతినదట, దాన్ని అటూ ఇటూ ఊపాడు. అది రాలేదు. గునపం తెచ్చి తవ్వాడు. ఊడబెరికి, గొడ్డలితో చీల్చి ముక్కలు చేశాడు. మేం చూస్తూ నిలబడ్డాం.

"మోపానె అది. ఎవరైనా వింటే నవ్విపోతారు" అన్నాను నేను.

"నీకెందుకే! నేను వండుకోగలను. ఫ్యాక్టరీ హాస్టల్లో పదేళ్ళు నా కూడు నేనే వండుకున్నాను." అమ్మ కుండే తీసుకున్నాడు, అమ్మ పొయ్యి మీదే పెట్టాడు. మా నాన్న దడి కొయ్య అడుగున పరిచి, మూగ కప్పల్ని దాని మీద పేర్చి, ఉప్పు వేసి మూత పెట్టాడు.

లహ్యా అత్త రోట్లో సజ్జలు దంచుతోంది. రోకలి ఆపి, గొంతు తగ్గించి, "ఒరేయ్ అబ్నేర్, ఇంకా అరవలేదురా" అంది.

"నువ్వూ మొదలెట్టావా అమ్మా?"

అత్త మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. ఒక్కసారే చెప్పింది. కాని చెప్పింది. నేను విన్నాను, అమ్మ విన్నది.

మర్నాడు పొద్దున అబ్నేర్ దడి వెనకకు వెళ్ళి ఎంతకీ రాలేదు. వచ్చేటప్పుడు వంగి నడుస్తూ వచ్చాడు. మధ్యాహ్నానికి నేల మీద పడి దొర్లుతున్నాడు. సారా కొట్టు నడిపే ఆయన పికప్ బండి తెప్పించి అందులో చాప పరిచి పడుకోబెట్టాం. అమ్మే వాడి తల కింద దుప్పటి మడిచి పెట్టింది. బండి చుట్టూ ఊరంతా చేరింది. ఏం జబ్బో ప్రతివాడికీ తెలుసు. కడుపు కింద చెయ్యి పెట్టుకుని మెలికలు తిరిగేవాణ్ణి, అదీ మొదటి వాన పడ్డ రెండు రోజులకి, చూస్తే ఎవరికి తెలియదు? బండి కదిలేముందు అబ్నేర్ తల ఎత్తాడు.

"నా కుండలో ఏదో కలిపింది. ఇల్లు పోతుందని... నన్ను చంపాలని చూసింది."

ఆ మాట అన్నది వాడు. నొప్పిలో ఉన్నాడు, సరే, అననీ. నా కడుపు మండింది ఆ మాట విన్నవాళ్ళ మీద. అందులో ఒక్కడైనా "ఛా, కప్పలు తిన్నావురా సన్నాసీ" అనలేదు. అందరూ మా అమ్మ వైపు చూశారు. ముక్కు మీద వేలేసుకుని మరీ చూశారు. అత్త బండి ఎక్కి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది. కుక్కిన పేనులా కూర్చుంది.

ఆసుపత్రిలో గొట్టం వేసి ఒంటేలు తీశారట. వారం తిరక్కుండానే మనిషి లేచి తిరిగాడు. ఈ లోపల విషం మాట ఇంటింటికీ తిరిగింది. బావి దగ్గర నేను వెళ్తే మాటలు ఆగిపోయేవి. విత్తనాల వేళకి ఒకళ్ళ పొలంలో ఒకళ్ళు సాయం చేసుకోవడం మాకు అలవాటు, మా పొలానికి ఆ ఏడు ఒక్క మనిషి రాలేదు. అంబలి కాచి వాకిట్లో పెట్టి అమ్మ పొద్దెక్కేదాకా ఎదురుచూసింది. తరవాత నేనూ అమ్మా గాడిదల్ని కట్టుకుని దున్నాం. పుల్లటి అంబలి పక్కింటి పందులు తాగాయి.

"చెప్పమ్మా వాళ్ళకి! తెలిసే నాటకం ఆడుతున్నారు" అనేదాన్ని.

"తెలిసినవాళ్ళకి ఏం చెప్తాం? నిద్రపోయేవాణ్ణి లేపగలం గాని నిద్ర నటించేవాణ్ణి లేపలేం" అనేది అమ్మ. ఆమెకి కోపం లేదని కాదు. నాగలి ఎంత లోతుకి దిగేదో చూస్తే తెలిసేది.

రెండో వాన పేరుకి పడింది. మూడో వాన మాత్రం ఆకాశం చిల్లుపడ్డట్టు కురిసింది. పల్లం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నిండింది. తెల్లారాక వాన వెలిసింది. అమ్మ విత్తనాల బుట్ట దించి చెయ్యెత్తింది. "విను."

మా కప్ప బెకబెకమనదు. దూరంగా ఎక్కడో తప్పిపోయిన లేగదూడ అరిచినట్టు, లోపల్నుంచి, బరువుగా, "వూ...ప్" అంటుంది. ఒకటి అంటే పక్కది అందుకుంటుంది. కాసేపటికి పల్లమంతా అదే. పట్టపగలు, ఎండ కాస్తుంటే, పసుపు గొంతులు నీటి పైన ఉబ్బుతూ తగ్గుతూ, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ, కరుచుకుంటూ అరిచాయి. ఊళ్ళో పిల్లలు కేకలేస్తూ పరిగెత్తారు. అన్ని ఇళ్ళ పొయ్యిల మీదా కప్పలు ఉడికాయి. మా ఇంట్లో అమ్మ వండలేదు. "ఇప్పుడు కాదు" అంది. ఎందుకో చెప్పలేదు, నేనూ కోపంలో ఉండి అడగలేదు.

ఆ తరవాత కొన్నాళ్ళు వాన మొహం చాటేసింది. ఒకరోజు కలుపు తీసి వస్తూ పల్లం అంచున ఆగాం. పక్కనున్న చిన్న గుంట ఒకటి ఎండిపోతోంది. అందులో నల్లగా, కుతకుతమంటున్నట్టు కప్పపిల్లలు, తోకలతో. గట్టు దగ్గర పెద్ద మగ ఎఫుమా వెనక్కి నడుస్తూ వెనకకాళ్ళతో బురద తోడుతోంది. తోడుతూ తోడుతూ గుంట నుంచి పెద్ద మడుగు దాకా చిన్న కాలువ తీసింది. నీళ్ళు కదిలాయి. పిల్లలు బారుతీరి అటు పోయాయి. ఒక గాడిద నీళ్ళకని వంగితే ఆ కప్ప దాని మూతి మీదికి దూకింది. గాడిద బెదిరి పోయింది.

అమ్మ పార మీద ఆనుకుని చాలాసేపు చూసింది.

"చూడవే. ఈ నేల మీద కప్పకి కూడా తన పిల్లలెవరో తెలుసు" అంది. నాన్న పోయాక ఆమె ఏడవడం నేను చూసింది అప్పుడే. కళ్ళు తుడుచుకుని, "ఈటా పెద్ద కబురు పంపాడు. పెద్దల్ని కూర్చోబెడుతున్నారట" అంది.

కూర్చోబెట్టే ముందురోజు మళ్ళీ గట్టివాన పడింది. మర్నాడు పొద్దున అమ్మ నన్ను ముందు పొమ్మంది. "నాకు పనుంది, వెనక వస్తా." గ్రామపెద్ద ఇంటి ముందు మరూలా చెట్టు కింద పెద్దలు పీటలు వేసుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు ఒక పక్క నేల మీద. అబ్నేర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, బుగ్గలు పీక్కుపోయిన మొహంతో అందరికీ ఎదురుగా కూర్చున్నాడు. పల్లం ఎంతో దూరం లేదు. ఎవరు మాట్లాడినా వెనక కప్పల అరుపులు వినబడుతూనే ఉన్నాయి.

"ఆరోజు ఏం తిన్నావు నాయనా?" అని అడిగాడు ఈటా.

"మామ ఇంట్లో తిన్నాను పెద్దయ్యా. అత్త కుండలోది."

"అదే, ఏం తిన్నావు?"

అబ్నేర్ చొక్కా గుండీ సర్దుకున్నాడు. "మాంసం."

మాంసమట! పెద్దల్లో ఒకడు గొంతు సవరించుకున్నాడు, ఇంకొకడు ముక్కుపొడుం డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. ఏ మాంసమని ఒక్కడూ అడగలేదు. అడిగితే కప్ప అని చెప్పాలి. చెప్తే ఈ నేలకి వారసుణ్ణని వచ్చినవాడికి ఈ ఊరి పసిపిల్లకి తెలిసింది కూడా తెలియదని తేలిపోతుంది. అలా తేలకుండా ఉండడానికి మా అమ్మ విషం పెట్టిందనుకున్నా సరే వాళ్ళకి. నేను లేచి నిలబడ్డాను.

"అరవని కప్పలు తిన్నాడు! వాడే పట్టాడు, వాడే వండాడు. మా నాన్న దడి కొయ్య పీకి కుండలో వేశాడు. మీకందరికీ తెలుసు! కప్పలు కూడా పిల్లల కోసం కాలువ తవ్వుతాయి, మీరు మాత్రం..."

"కూర్చో" అన్నాడు ఈటా. "పెద్దల్లో ఆడపిల్లకి మాటేమిటి?"

"నిజమేమిటో అడగనివాళ్ళు పెద్దలా?"

ఎవరో నా భుజాలు పట్టి కూర్చోబెట్టారు. నేను మాట్లాడింది గాలికి పోయింది. అప్పుడే అమ్మ వచ్చింది. నెత్తి మీద కుండ, చేతిలో సజ్జ సంకటి గంప. అందరి మధ్యకీ నడిచి, కుండ దించి మూత తీసింది. ఉడికిన కప్పల వాసన, ఉప్పుతో, అడవి ఆకుకూరతో, ఆ చెట్టు కిందంతా కమ్ముకుంది.

"ఏమిటమ్మా సైమా ఇది?" అన్నాడు ఈటా.

"అదే కుండ పెద్దయ్యా. అదే పొయ్యి. ఆరోజు నేను వండలేదు, ఇవాళ నేనే వండాను. పొద్దున పట్టినవి. అరుస్తుండగా పట్టాను." పల్లం వైపు ఒకసారి చూసింది. "విషం పెట్టేదాన్నని అన్నారుగా. తినండి."

ఎవరూ కదల్లేదు. తింటే ఆమె విషం పెట్టే మనిషి కాదని అందరి ముందూ ఒప్పుకున్నట్టు. తినకపోతే మొహం మీదే అన్నట్టు. ఇంటింటా గుసగుసలాడినంత సులువు కాదు అది. ఈటా కుండలోకి చూసి, ఆకాశంలోకి చూసి, "తరవాత తింటాంలే అమ్మా, ముందు ఈ సంగతి..." అన్నాడు.

"చల్లారితే బాగుండదు" అంది అమ్మ.

కప్పలు అరుస్తున్నాయి. ఆడవాళ్ళ వైపు నుంచి లహ్యా అత్త లేచింది. మోకాళ్ళ నొప్పుల మనిషి, మెల్లగా వచ్చి కుండ ముందు చతికిలబడింది. సంకటి ముద్ద చేసుకుంది. కుండలో చెయ్యి పెట్టి ఒక తొడ తీసుకుని, నమిలి, ఎముక పక్కన పెట్టింది. ఇంకోటి తీసుకుంది. తింటూనే, తల ఎత్తకుండా కొడుకుతో అంది:

"అరవలేదురా అని నీకు నేను చెప్పలేదూ?"

ఆ మాట తరవాత ఈటా పీట ముందుకి జరుపుకున్నాడు. తరవాత ముక్కుపొడుం ఆయన. తరవాత అందరూ. విషం అన్న నోళ్ళతోనే ఎముకలు చీకారు. ఒకాయన ఉప్పు సరిపోయిందన్నాడు. నాకు ఆ కుండ ఎత్తి ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించింది.

చేతులు కడుక్కుని ఈటా చెప్పాడు. "ఆమె కుండలో తిన్నాం. విషం మాట ఇక ఎవరూ ఎత్తకూడదు."

"ఇల్లో?" అంది అమ్మ.

"అది వేరే సంగతి..."

"వేరే ఎలా అవుతుంది పెద్దయ్యా? నా పొయ్యి మీద వండింది తిని, నా పొయ్యి ఆర్పేస్తారా?"

ఈటా అత్త వైపు చూశాడు. అడగాల్సింది ఆమెనే. రక్తం ఆమెది, హక్కు ఆమెది. అబ్నేర్ ఆమె కొడుకయినందుకే వారసుడు. అత్త వేళ్ళు ఒక్కొక్కటే నాక్కుంది.

"తమ్ముడి ఇల్లు మాదే" అంది చివరికి. "నేను అడగడం లేదు."

"అమ్మా!" అన్నాడు అబ్నేర్.

"అడగడం లేదన్నానురా."

అంతే. మా ఊళ్ళో మొదటిసారి మొగుడు పోయిన ఆడది తన ఇంట్లో ఉండిపోయింది. అందరూ దులుపుకుని లేచారు. నేను చూస్తూనే ఉన్నాను, ఎవడైనా "తప్పయిందమ్మా సైమా" అంటాడేమోనని. ఒక్కడూ అనలేదు. తోలుకుపోయిన ఆవుల మాట ఎవరూ ఎత్తలేదు. బిడ్డను వీపున కట్టుకుని ఇరవై ఏళ్ళు దున్నిన పొలం, ఆ దున్నిన లెక్కన కాదు, ఒక కుండెడు కప్పల పుణ్యాన మాకు దక్కింది. మంచి తీర్పు ఇచ్చాడని ఈటాను ఇప్పటికీ పొగుడుతారు. పొగడనీ.

అమ్మ ఖాళీ కుండ నెత్తికెత్తుకుని అబ్నేర్ ముందు ఆగింది.

"మీ మామ దడిలో ఒక కొయ్య తగ్గింది నాయనా. పాతి వెళ్ళు."

వాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. అత్త మొహం తిప్పుకుంది. ఇస్త్రీ చొక్కా విప్పి గొడ్డలి తీసుకుని అడవికి పోయాడు. సాయంత్రానికి ఒక మోపానె కొయ్య లాక్కొచ్చి వాకిలి పక్కన పాతాడు. పని రానివాడి పని, సరిగ్గా కొలవలేదు. మిగతా కొయ్యల కంటే జానెడు పొట్టి. మర్నాడు వాల్విస్ బే బస్సెక్కాడు, మళ్ళీ మా గడప తొక్కలేదు. అత్త మాత్రం కోతలకి వచ్చింది, ఏ మాటా లేకుండా అమ్మ పక్కన నిలబడి సజ్జ కంకులు కోసింది. అమ్మ ఆమెతో మాట్లాడింది. నేను మాట్లాడడానికి రెండేళ్ళు పట్టింది.

ఇప్పుడు ఆ ఇంట్లో నేనున్నాను. అమ్మ పోయింది, నాన్న పక్కనే పడుకోబెట్టాం. దడి చాలాచోట్ల మార్చాం గాని ఆ పొట్టి కొయ్యని తియ్యనివ్వలేదు. ఏటా మూడో వాన పడి పల్లంలో మొదటి అరుపు వినబడగానే, పొయ్యి మీద కుండ పెట్టడానికి ముందు వెళ్ళి దాన్ని ఒక్క తన్ను తన్ని వస్తాను. మా పిల్లలు నవ్వుతారు. "ఎప్పుడో పుచ్చిపోయి ఉంటుందిలే అమ్మా, కాలు విరుగుతుంది" అంటారు.

పుచ్చలేదు. మోపానెకి చెదలు పట్టవు.